రోహింగ్యాలకు వాళ్ల భాషలో ప్రభుత్వ సమాచారం: అవసరమా, దండగా?

పాతబస్తీ_వాలంటీర్:
హైదరాబాద్‌లో బాలాపూర్, పహాడీ షరీఫ్ వైపు బస్తీల్లో 2012 నుంచీ మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. దవాఖానా, టీకాలు, బడి, 108 లాంటి వాటి గురించి వాళ్ల భాషలో ప్రభుత్వమే చెప్పాలా అన్నదాని మీద మా గ్రూపులో పెద్ద గొడవ నడుస్తోంది. కరపత్రాలు వేయించాలని కొందరు. ఉర్దూ నేర్పిస్తే సరిపోతుంది, అనువాదాలెందుకని ఇంకొందరు.

నా మటుకు నేను ప్రభుత్వమే చేయాలంటాను. కాకపోతే కరపత్రం దండగ. రోహింగ్యా భాషకు హనీఫీ లిపి 1980ల్లో తయారైంది, 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది, కానీ అది చదవగలిగేవాళ్లు చాలా తక్కువ. మయన్మార్ నుంచి వచ్చారు కదా అని బర్మీస్‌లో అచ్చు వేస్తే ఇంకా అన్యాయం. వాళ్లలో చాలామంది బర్మీస్ బడి మొహమే చూడలేదు. వాళ్లు మాట్లాడేది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గరగా ఉంటుంది. వాట్సాప్‌లో పంపగలిగే రెండు నిమిషాల ఆడియోలు చేస్తే వింటారు. మీరేమంటారు?

కొత్తపేట_కుర్రోడు:
అన్నా, 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. కేంద్రం వీళ్లను అక్రమ వలసదారులనే అంటోంది. శరణార్థులని ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నంత మాత్రాన రాష్ట్ర ఖజానా ఎందుకు తెరవాలి?

ఇంకో మాట. 2005లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక బస్తర్ నుంచి పారిపోయి ములుగు, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీలు మన పౌరులే కదా. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలు, ఇక్కడికొస్తే ఆ గుర్తింపు లేదు. వాళ్ల మాటలో వాళ్లకు ఇవన్నీ ఎవరు చెప్తున్నారు? ముందు ఆ పని చూడండి.

సిస్టరమ్మ:
మీరు చట్టాలు మాట్లాడుతున్నారు. నేను ఓపీ సంగతి చెప్తా. నర్సును.

గర్భిణి వస్తుంది, పక్కన ఎనిమిదేళ్ల కొడుకు. గల్లీలో ఆడుకుని వాడికి హైదరాబాదీ ఉర్దూ వచ్చేసింది, తల్లికి రాదు. రక్తస్రావం ఎప్పటి నుంచి అవుతోందమ్మా అని ఆ పిల్లాడితో అడిగించాలా? వాడు సిగ్గుపడి ఏదో ఒకటి చెప్తాడు, ఆమె తలూపుతుంది, మేం రాసుకుంటాం. పాత సామాను పనికీ కూలికీ పోయే మగవాళ్లు భాష త్వరగా పట్టేస్తారు. ఇల్లు దాటని ఆడవాళ్లకు ఆ వీలేదీ? ఉర్దూ నేర్చుకుని రమ్మంటే కాన్పు ఆగుతుందా?

టీకాలు చూడండి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు మూడు డోసులు. మొదటిదానికి జ్వరం వస్తే సూది పడలేదనుకుని రెండోదానికి రారు. జ్వరం మామూలేనని ఆమె భాషలో ఒక్క ముక్క చెప్పేవాళ్లుంటే వస్తుంది. డోసులు తప్పి కోరింత దగ్గు లేస్తే పక్క బస్తీ పిల్లలకూ అంటుకుంటుంది, తమ్ముడూ.

కొత్తపేట_కుర్రోడు:
అక్కా, ఆస్పత్రి విషయంలో నేను అడ్డం రాను. కానీ ఇది టీకాతో ఆగుతుందా? రేపు రేషన్, ఎల్లుండి పింఛన్ అంటారు.

టెక్సాస్_తెలుగు:
ఇక్కడా ఇదే రగడ. ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లకు కూడా సేవలు అందేలా చూడాలని 2000లో క్లింటన్ ఫెడరల్ సంస్థలకు ఆదేశమిచ్చారు. 2025 మార్చిలో ట్రంప్ దాన్ని రద్దు చేసి, ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటించారు. ఫెడరల్ నిధులు తీసుకునేవాళ్లు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదనే 1964 పౌరహక్కుల చట్టం మాత్రం అలాగే ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు ఆస్పత్రివాళ్లు ఫోన్లో తెలుగు దుబాసీని కలిపారు. మనవాళ్లెవరూ వద్దనలేదు మరి!

ఇంకోటి, యాప్‌తో అనువదించి పంపేద్దామని ఎవరో ఒకరు అంటారు, చూడండి. ముఖ్యమైన వైద్య సమాచారాన్ని యంత్రం అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని ఇక్కడ 2024లో నిబంధన తెచ్చారు.

బర్మాకాలనీ_మనవరాలు:
మాది విశాఖ. 1960ల్లో బర్మాలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక ఓడెక్కి వచ్చేసిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. నాయనమ్మ తెలుగు మాట్లాడేది గానీ చదివేది బర్మీసే. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా పక్కింటాయన చదివి చెప్పాలి, చెప్పినందుకు ఆయనకు ఎంతో కొంత ముట్టాలి. వలసొచ్చినవాళ్లకు సర్కారు చెప్పకపోతే దళారి చెప్తాడండీ. రోహింగ్యాలకు దొంగ ఆధార్ అమ్మేది కూడా ఆ దళారే. డబ్బులు వాడికి, జైలు వీళ్లకు.

పాతబస్తీ_వాలంటీర్:
మనవరాలు గారూ, మా గ్రూపులో తేలని విషయం సరిగ్గా అదే. ఏమేం దొరుకుతాయో చెప్పడం సులువు: 108కి కాగితాలు అక్కర్లేదు, టీకాలు ఉచితం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు పత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. రోహింగ్యా పిల్లలు అడ్మిషన్ కోసం ప్రభుత్వ బడులకు వెళ్లవచ్చని 2025లో సుప్రీంకోర్టు కూడా అంది.

దొరకనివి కూడా అదే ఆడియోలో చెప్పాలని నా వాదన. ఆధార్ రాదు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మొద్దు. రేషన్ కార్డు రాదు. మహాలక్ష్మి ఉచిత బస్సు మీకు వర్తించదు, టికెట్ తీసుకోండి. ఇవి చెప్తే మనసు విరిగిపోతుందని మా వాళ్లలో కొందరి బాధ. లేనిపోని ఆశ పెట్టడమే నాకు తప్పనిపిస్తుంది.

కొత్తపేట_కుర్రోడు:
ఇలా చేస్తానంటే సగం ఒప్పుకుంటా. మిగతా సగం గుత్తికోయల ఆడియో కూడా వచ్చాకే. ఒకే బడ్జెట్‌లో రెండూ పెట్టమనండి.

సిస్టరమ్మ:
పెట్టనీయండి, వాళ్లకూ కావాల్సిందే. కాన్పు, కుటుంబ నియంత్రణ భాగాలు మాత్రం ఆడగొంతుతో చేయించండి. ఆడియో చివర్లో ఒక ఫోన్ నంబరు ఉండాలి, ఎత్తే మనిషికి జీతం ఇవ్వాలి. వాలంటీర్లతో ఆర్నెల్లు నడిచి ఆగిపోయేదైతే మొదలుపెట్టకండి. ఆ ఫోన్ కలవకపోతే మళ్లీ ఆ పిల్లాణ్నే వెంటబెట్టుకుని వస్తారు.