లైవ్ క్యాప్షనింగ్‌లోకి రావచ్చా? చేస్తున్నవాళ్లు చెప్పండి

ప్రశ్న:
స్టెనో మెషీన్ (కొన్ని మీటలు కలిపి ఒకేసారి నొక్కి మాటలు వేగంగా రాసే యంత్రం) మీద రెండేళ్లుగా సాధన చేస్తున్నాను. నిమిషానికి 160 మాటల దగ్గర ఆగిపోయి నాలుగు నెలలైంది. టీవీ వార్తలకు, ఆటలకు ఇంగ్లిష్ క్యాప్షన్లు, అంటే మాట్లాడుతుండగానే తెర మీద పడే అక్షరాలు, రాసే పని మీద మనసుంది. ఇంట్లో కూర్చునే చేయవచ్చని విన్నాను. ఇందులో ఉన్నవాళ్లు మంచీ చెడూ దాచకుండా చెప్పండి.

జవాబు (పదకొండేళ్లుగా ఇదే పని):
160 దగ్గర నేనూ ఆరు నెలలు ఆగాను, దిగులు వద్దు. అమెరికా కోర్టు రిపోర్టర్ల (కోర్టులో మాట్లాడేదంతా రాసేవాళ్ల) జాతీయ సంఘం క్యాప్షనర్లకు పెట్టే పరీక్షలో నిమిషానికి 180 మాటల చొప్పున ఐదు నిమిషాలు, 96 శాతం కచ్చితత్వంతో రాయాలి. అంటే 900 మాటల్లో 36 తప్పులు పోయినా గట్టెక్కినట్టే. ప్రసారంలో ఐదు నిమిషాలకు 36 తప్పులు దొర్లితే చూసేవాళ్లు ఊరుకుంటారా?

నాకు ఇష్టమైనది కార్యక్రమానికి ముందు గంట. ఆటగాళ్ల పేర్లు, ఊళ్లు, మందుల పేర్లు ఒక్కొక్కటే నా సాఫ్ట్‌వేర్ డిక్షనరీలోకి ఎక్కిస్తూ, ఏ మీటలు కలిపి నొక్కితే ఏ పేరు రావాలో పెట్టుకుంటాను. నోరు తిరగని పేరు ఒక్క నొక్కుతో తెర మీద సరిగ్గా పడితే నా వీపు నేనే తట్టుకుంటాను.

ఇక చెడు. ప్రకటనలు వచ్చినప్పుడే మనం ఊపిరి తీసుకునేది. పెద్ద ప్రమాదం జరిగిన రోజు అవి ఉండవు. ఒకసారి అరగంట బులెటిన్‌కని కూర్చుని నాలుగు గంటలు లేవలేదు. నీళ్లు పక్కనే ఉన్నాయి, అందుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మృతుల సంఖ్య పెరుగుతుంటే వేళ్లు అంకెలు కొట్టుకుంటూ పోయాయి. మెషీన్ ఆపి, నేను రాసిందే మళ్లీ చదివాక గానీ ఏడుపు రాలేదు.

తప్పులంటారా, ‘ఎ నైస్ డే’ కాస్తా ‘యాన్ ఐస్ డే’ అవుతుంది. మంచి రోజు మంచు రోజైపోతుంది! రెండు అడ్డగీతలు కొట్టి సరైన మాట రాసి ముందుకు పోవాలి. దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి వాక్యం కూడా పోతుంది. నాకు ఇది అలవాటవడానికి మూడేళ్లు పట్టింది.

ఇంకొక జవాబు:
నేను గొంతుతో రాస్తాను. విన్నదాన్ని కామాలు, ఫుల్‌స్టాప్‌లతో సహా తిరిగి పలికితే సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మారుస్తుంది. వేళ్ల నొప్పులు లేవు కానీ జలుబు చేస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ కూడా కామా అనేస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు గంటలు ఒక్కరే రాయాలా? డబ్బు సంగతి?

పదకొండేళ్ల అనుభవజ్ఞులు:
మరొకరు దొరికితే మార్చుకోవచ్చు, ఆ రోజు దొరకలేదు. నాకు ప్రసార సమయానికే డబ్బిస్తారు, సిద్ధమైన గంట లెక్కలోకి రాదు. ఆటల సీజన్ ముగిస్తే చేతిలో పని సగమవుతుంది. నేను రాసే రెండు ఉదయపు కార్యక్రమాలు నిరుడు కంప్యూటర్ పరమయ్యాయి. అందుకే వేరే ఆదాయం కూడా చూసుకోండి.

ఒక ప్రేక్షకురాలు:
నాకు వినిపించదు. మంచు రోజును మంచి రోజుగా నేనే సర్దుకుని చదువుకుంటాను. స్కోరు మీద క్యాప్షన్ వచ్చి కూర్చుంటే మాత్రం ఏమీ చేయలేను. దయచేసి పైకి జరపండి.

పదకొండేళ్ల అనుభవజ్ఞులు:
తప్పకుండానండీ. చాలాసార్లు నాకు శబ్దమే వస్తుంది, బొమ్మ రాదు. ఇకపై పక్కన టీవీ పెట్టుకుంటాను.