బ్రిటన్ యుద్ధవిమానాల కొనుగోళ్లు: తప్పు ఏ పార్టీది?

నీలాంబర్:
బ్రిటన్ రక్షణ కొనుగోళ్ల మీద ఎక్కడ మాట మొదలైనా కాసేపటికే పార్టీ గొడవలోకి దిగుతుంది. 2010లో నిమ్రాడ్ ఎంఆర్‌ఏ4 గస్తీ విమానాలను తుక్కు చేయించింది కామెరాన్ ప్రభుత్వమే కదా అని లేబర్ అభిమానులు అంటారు. 1965లో టీఎస్‌ఆర్-2 దాడి విమానాన్ని రద్దు చేసిందెవరని కన్సర్వేటివ్ అభిమానులు ఎదురడుగుతారు. ఎవరి ఖాతాలో ఎన్ని పాపాలో లెక్కపెట్టడం నాకు అక్కర్లేదు. అధికారం మారినప్పుడల్లా కొనుగోళ్లు దారి తప్పుతున్నాయా, లేక ఎవరున్నా ఇంతేనా? జాతీయ ఆడిట్ కార్యాలయం, పార్లమెంటు కమిటీలు ఇన్ని నివేదికలు ఇస్తుంటే అవే తప్పులు మళ్లీ ఎందుకు జరుగుతున్నాయి? 2025లో ప్రకటించిన 12 ఎఫ్-35ఏ విమానాల సంగతేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దులరాయుడు:
నీలాంబర్ గారూ, పార్టీ కంటే మార్చి 31 ముఖ్యమండీ. ఆ రోజుతో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. రక్షణ శాఖకు క్యాపిటల్ (కొనుగోళ్లు, నిర్మాణాలు), రిసోర్స్ (జీతాలు, నిర్వహణ) అని రెండు వేరు పరిమితులుంటాయి. వాటిని దాటితే ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ, ఒప్పుకోదు. డబ్బు చాలదని తేలిన ఏడాది మంత్రి చేయగలిగేవి మూడే: వాయిదా వేయడం, సంఖ్య తగ్గించడం, రద్దు చేయడం. ఏది చేసినా ఆదా ఈ ఏటి పద్దులో కనబడుతుంది. ఖర్చు మాత్రం ఆ తర్వాత వచ్చే మంత్రి నెత్తిన పడుతుంది.

విమానవాహక నౌకలనే చూడండి. 2008 డిసెంబరులో లేబర్ ప్రభుత్వం వాటి నిర్మాణాన్ని నెమ్మదింపజేసింది. దానివల్ల మొదటి నాలుగేళ్లలో 45 కోట్ల పౌండ్లు మిగులుతాయి గానీ ఆ తర్వాత 112 కోట్లు అదనంగా పడతాయని ఆడిట్ కార్యాలయం మరుసటి ఏడాదే లెక్కగట్టింది. పని ఆగినా షిప్‌యార్డు జీతాలు, క్రేన్ల అద్దెలు ఆగవు కదా. 2010లో వచ్చిన కన్సర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ సంకీర్ణం ఇంకో మలుపు తిప్పింది. నిట్టనిలువుగా దిగే ఎఫ్-35బి వద్దు, కాటాపుల్ట్‌తో (నౌక మీద నుంచి విమానాన్ని విసిరే యంత్రంతో) ఎగిరే ఎఫ్-35సి కావాలంది. నౌకను అందుకు తగ్గట్టు మార్చడానికి 50 నుంచి 80 కోట్లు చాలనుకున్నారు. 2012 మే నాటికి ఆ అంచనా 200 కోట్లకు చేరడంతో రక్షణ మంత్రి ఫిలిప్ హామండ్ మళ్లీ ఎఫ్-35బికే తిరిగొచ్చారు. ఈ రాకపోకలకే 7.4 కోట్లు పోయాయి. 400 కోట్ల లోపు అనుకున్న రెండు నౌకలూ చివరికి 620 కోట్ల దాకా వెళ్లాయి. ఇందులో రెండు పక్షాలకూ వాటా ఉంది.

ఇక ఒకే పార్టీ తన మాట తానే కొట్టేసుకున్న కథ వెడ్జ్‌టెయిల్ రాడార్ విమానాలది. 2019లో ఐదింటికి సంతకం పెట్టారు, 2021లో మూడుకు కుదించారు. రెండుసార్లూ కన్సర్వేటివ్‌లే. విమానాలు 40 శాతం తగ్గితే ఖర్చు తగ్గింది 12 శాతమేనని కామన్స్ (పార్లమెంటు దిగువ సభ) రక్షణ కమిటీ 2023లో తేల్చింది. విచిత్రమేమీ లేదు. రాడార్లు ఐదింటికీ అప్పటికే బేరం కుదిరిపోయింది. సిమ్యులేటర్, ధ్రువీకరణ పరీక్షలు, లాసీమౌత్ స్థావరంలో ఏర్పాట్లు మూడింటికైనా ఐదింటికైనా దాదాపు ఒకటే. పైగా మూడు విమానాల దండులో ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలో ఉంటే గస్తీకి మిగిలేది ఒక్కటి. అదే పని చేసే పాత సెంట్రీ విమానాలను 2021లోనే ఇంటికి పంపేశారు కాబట్టి మధ్యలో ఏళ్ల తరబడి ఆ పని చేసే సొంత విమానమే లేకుండా పోయింది.

రెక్కలశాస్త్రి:
రాయుడు గారి లెక్కలు సరే. కానీ అంతా ట్రెజరీ మీదకు నెట్టేస్తే ఇంజినీరింగ్ తప్పులు తప్పించుకుంటాయి. నిమ్రాడ్ ఎంఆర్‌ఏ4 డబ్బు చాలక చెడలేదు, మొదటి నిర్ణయంలోనే చెడింది. 1996లో మేజర్ ప్రభుత్వం 21 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. కొత్తవి కట్టకుండా, కామెట్ ప్రయాణికుల విమానం నుంచి పుట్టిన పాత నిమ్రాడ్‌ల దేహాలనే ఒలిచి, కొత్త రెక్కలు, కొత్త బీఆర్710 ఇంజిన్లు తగిలిస్తే చవక అనుకున్నారు. ఆ పాత దేహాలు చేత్తో జిగ్‌ల (బిగింపు చట్రాల) మీద కట్టినవి, ఏ రెండింటి కొలతలూ అచ్చంగా కలవవు. కొత్త రెక్కలేమో కంప్యూటర్ కొలతలతో అన్నీ ఒకే తీరున వచ్చాయి. వాటిని అతికించే చోట తేడాలు బయటపడ్డాక ప్రతి విమానమూ విడి ప్రాజెక్టు అయిపోయింది. 2003కి చేతికి రావలసినవాటిలో మొదటిది 2010లో గాని అందలేదు. ఈలోగా సంఖ్య 18, 16, 12, చివరికి 9కి దిగింది.

ఇక్కడ ఒక భాగహారం చేసి చూడండి. 21 విమానాలకు సుమారు 280 కోట్లు అనుకున్నప్పుడు ఒక్కోటి 13 కోట్ల పౌండ్లు. 9 విమానాలకు 340 కోట్లు అయ్యేసరికి ఒక్కోటి దాదాపు 38 కోట్లు. సంఖ్యను కోస్తూ పోయారు కాబట్టే మొత్తం ఖర్చు మరీ భయంకరంగా కనబడలేదు. రద్దు చేస్తే ఏటా 20 కోట్ల నిర్వహణ ఖర్చు మిగులుతుందని సంకీర్ణం చెప్పింది. 2011 మొదట్లో వుడ్‌ఫర్డ్‌లో విమానాలను ముక్కలు కొట్టారు. ఆ తర్వాత స్కాట్లాండ్ తీరంలో జలాంతర్గామి ఉందేమోనని అనుమానం వస్తే మిత్రదేశాల విమానాలను పిలిపించుకోవలసి వచ్చింది. నైపుణ్యం పోకుండా కొందరు సిబ్బందిని అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాల్లో పనిచేయడానికి పంపారు. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో తెలివైన పని అదొక్కటే. 2015లో మళ్లీ తొమ్మిది పొసైడన్ గస్తీ విమానాలు కొంటామన్నారు. మొదటిది 2020 ఫిబ్రవరిలో దిగింది.

రెండో ఉదాహరణ చినూక్ హెచ్‌సి3. 1995లో దాదాపు 26 కోట్ల పౌండ్లకు ఎనిమిది హెలికాప్టర్లు కొన్నారు. 2001లో వచ్చాయి, బోయింగ్ అడిగినవన్నీ ఇచ్చింది. కాకపోతే కాక్‌పిట్ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను పరిశీలించే హక్కు ఒప్పందంలో అడగనేలేదు. బ్రిటన్ నియమాల ప్రకారం సాఫ్ట్‌వేర్ సురక్షితమని రుజువు కానిదే మబ్బుల్లో ఎగరనివ్వరు. దాంతో ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు తప్ప పనికిరాని హెలికాప్టర్లు ఏళ్ల తరబడి హ్యాంగర్‌లో కూర్చున్నాయి, అటు అఫ్గానిస్తాన్‌లో హెలికాప్టర్లకు కరువు. చివరికి కొత్త కాక్‌పిట్ పీకేసి పాత తరహాది పెట్టారు, మొత్తం అంచనా 42 కోట్లు దాటింది. ఆర్డర్ కన్సర్వేటివ్‌లది, చివాట్లు తిన్నది లేబర్ మంత్రులు. అసలు తప్పు ఒప్పందంలో రాయకుండా వదిలేసిన ఆ ఒక్క షరతుది.

సభాపర్వం:
రెండో ప్రశ్న నేను అందుకుంటాను. నివేదికలు పనిచేయవనడం తప్పు. వాటి పరిధి ఎంతో తెలియక అలా అనిపిస్తుంది.

ఆడిట్ కార్యాలయం ప్రభుత్వ విధానం మంచిదా చెడ్డదా అని చెప్పకూడదు. 1983 చట్టమే ఆ గీత గీసింది. 'విమానవాహక నౌకలు కావాలా' అని అది అడగదు, 'కావాలనుకున్నాక డబ్బుకు తగ్గ విలువ వచ్చిందా' అని మాత్రమే అడుగుతుంది. ఆ నివేదికను పట్టుకుని పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అధికారులను పిలిచి నిలదీస్తుంది. కమిటీ అధ్యక్ష పదవి ఆనవాయితీగా ప్రతిపక్ష ఎంపీదే, చినూక్ ఏళ్లలో ఎడ్వర్డ్ లీ, నౌకల ఏళ్లలో మార్గరెట్ హాడ్జ్. అక్కడ జవాబు చెప్పేది సాధారణంగా మంత్రి కాదు, శాఖ శాశ్వత కార్యదర్శి. ఆయనే అకౌంటింగ్ ఆఫీసర్, అంటే శాఖ ఖర్చుకు పార్లమెంటు ముందు జవాబుదారీ. ఖర్చు దండగని తోస్తే మంత్రిని లిఖితపూర్వక ఆదేశం అడగవచ్చు. మంత్రి ఆదేశమిస్తే బాధ్యత మంత్రిదే, ఆ సంగతి ఆడిటర్‌కూ తెలుస్తుంది. విధానాన్నే ప్రశ్నించాలంటే రక్షణ కమిటీ ఉంది, కానీ దానికి సలహా ఇచ్చే అధికారమే గాని ఆపే అధికారం లేదు.

అంకెలు చదివేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఖర్చు ఏ ఏటి ధరల్లో చెప్పారు? పోల్చింది తొలి అంచనాతోనా, తుది ఆమోదంలోని అంకెతోనా? తుది ఆమోదం వచ్చేసరికే అంకె పెరిగి ఉంటుంది, దాంతో పోలిస్తే పెరుగుదల చిన్నదిగా కనబడుతుంది. కొన్నదాని ధరా, జీవితకాలపు ఖర్చా? ఎఫ్-35ల విషయంలో రక్షణ శాఖ 5,700 కోట్ల పౌండ్లంటే, సిబ్బంది, ఇంధనం, స్థావరాల ఖర్చు కలిపి 7,100 కోట్లని 2025లో ఆడిట్ కార్యాలయం చెప్పింది. రెండూ అబద్ధాలు కావు, ఏమేం కలిపారన్నదే తేడా.

పార్టీల మధ్య తేడాయే లేదన్నట్టు రాయుడు గారు రాశారు. పూర్తిగా ఒప్పుకోలేను. 1964లో వచ్చిన విల్సన్ ప్రభుత్వానికి విమాన పరిశ్రమ జనాన్నీ డబ్బునూ ఎక్కువగా మింగేస్తోందన్న అభిప్రాయం ముందే ఉంది. కొద్ది నెలల్లోనే పి.1154 యుద్ధవిమానం, హెచ్‌ఎస్.681 రవాణా విమానం, టీఎస్‌ఆర్-2 మూడూ పోయాయి. బదులుగా 50 అమెరికన్ ఎఫ్-111 విమానాలు కొంటామన్నారు, 1967లో పౌండు విలువ తగ్గించాక 1968 జనవరిలో వాటినీ వదిలేశారు. 1986లో వెస్ట్‌లాండ్ హెలికాప్టర్ల కంపెనీకి అమెరికా సికోర్‌స్కీ దిక్కా, ఐరోపా బృందం దిక్కా అన్న గొడవలో థాచర్ మంత్రివర్గం నుంచి రక్షణ మంత్రి హెసెల్టైన్ రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. అది సిద్ధాంత తగాదాయే. కాకపోతే ఒకే పార్టీ లోపల.

నీలాంబర్:
అందరికీ ధన్యవాదాలు. ఎఫ్-35ఏ సంగతి మిగిలిపోయింది. ధర 25 శాతం దాకా తక్కువని ప్రభుత్వం చెబుతోంది. మరి అభ్యంతరమేమిటి?

రెక్కలశాస్త్రి:
విమానంగా చూస్తే ఎఫ్-35ఏ మంచిదే. లోపల ఇంధనం సుమారు 8.3 టన్నులు పడుతుంది, బి రకంలో సుమారు 6 టన్నులే. నిలువుగా లేపే ఫ్యాన్‌కు చోటు అక్కర్లేదు కాబట్టి బాంబుల అర పెద్దది, విడిభాగాలూ తక్కువ. నాటో అణు విధికి (అణుబాంబు మోసే పనికి) పనికొచ్చేది ఎఫ్-35ఏ మాత్రమే, ప్రకటన అసలు ఉద్దేశం అదే.

చిక్కు గాల్లో ఇంధనం నింపడం దగ్గర. బి రకం తన ప్రోబ్‌ను చాచి ట్యాంకర్ గొట్టం చివరి బుట్టలో దూర్చుతుంది. ఎఫ్-35ఏకు మాత్రం ట్యాంకర్ నుంచి దిగే గట్టి గొట్టం, అంటే బూమ్ కావాలి. రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాయేజర్ ట్యాంకర్లలో ఒక్కదానికీ బూమ్ లేదు. పొసైడన్, వెడ్జ్‌టెయిల్, సి-17 రవాణా విమానాలకూ బూమే కావాలి కాబట్టి, వాటన్నిటికీ గాల్లో ఇంధనమంటే ఇప్పటికే మిత్రదేశాల ట్యాంకర్లే గతి. ఆ వరుసలోకి ఇంకో 12 చేరతాయి. నౌకల మీద ఇవి దిగలేవు కూడా. తర్వాతి విడతలో రావలసిన 27లో 15 మాత్రమే బి రకం అయ్యాయి. మొదటి విడతలో మిగిలిన 47తో కలిపితే 62. నౌకలు రెండు, మధ్యలో శిక్షణ, మరమ్మతులు. లెక్క మీరే వేసుకోండి.

పద్దులరాయుడు:
బూమ్ పెట్టించడం సాంకేతికంగా కష్టం కాదు. అదే ఎయిర్‌బస్ ఏ330 ట్యాంకర్‌ను ఆస్ట్రేలియా బూమ్‌తోనే వాడుతోంది. అడ్డు వచ్చేది ఒప్పందం. వాయేజర్లు రాయల్ ఎయిర్‌ఫోర్స్ సొంతం కావు. 2008లో లేబర్ ప్రభుత్వం ఎయిర్‌ట్యాంకర్ అనే కంపెనీతో 27 ఏళ్లకు, దాదాపు 1,050 కోట్ల పౌండ్లకు, 14 విమానాల సేవ కుదుర్చుకుంది. ప్రైవేటు పెట్టుబడితో ప్రభుత్వ ఆస్తులు కట్టించే ఆ పద్ధతిని మొదలుపెట్టింది 1992లో కన్సర్వేటివ్ ఆర్థికమంత్రి నార్మన్ లామాంట్, ఇష్టంగా వాడుకున్నది లేబర్. అప్పటి దండులో బూమ్ కావలసినవి కొద్దే, అందుకే అడగలేదు. ఇప్పుడు మార్చాలంటే ఒప్పందం తెరిచి బేరమాడాలి, మార్పు చేస్తున్నన్నాళ్లూ ఒక్కో ట్యాంకర్ పనికి దూరంగా ఉంటుంది. గడువు 2035లో ముగుస్తుంది కాబట్టి మిగిలిన కొద్ది ఏళ్ల కోసం కంపెనీ ఎంత అడుగుతుందో ఊహించవచ్చు.

సభాపర్వం గారూ, తేడా లేదని నేను అనలేదు, పద్దు ముందు అది చిన్నదని అన్నాను. ఎఫ్-35లు ఉండే మారమ్ స్థావరంలో 809 నావల్ ఎయిర్ స్క్వాడ్రన్ (నౌకాదళ విమాన దళం) వసతుల పని చూడండి. 2020లో 5.6 కోట్లతో అయ్యేదాన్ని వాయిదా వేశారు, ఇప్పుడు 15.4 కోట్లవుతుందని అకౌంట్స్ కమిటీ 2025లో బయటపెట్టింది. వాయిదా వేసింది ఒక పార్టీ, చెల్లించేది ఇంకో పార్టీ.

సభాపర్వం:
ఈ ఉదాహరణకు నా దగ్గర ఎదురు వాదన లేదు. వాయేజర్ గురించి ఒక్క మాట కలపాలి. ఆ ఒప్పందాన్ని ఆడిట్ కార్యాలయం 2010లోనే గట్టిగా తప్పుపట్టింది. అప్పటికి సంతకమై రెండేళ్లు దాటింది. ఆడిట్ సాధారణంగా డబ్బు కదిలాకే వస్తుంది. సంతకానికి ముందు ప్రశ్నించగలిగేది ట్రెజరీ, అకౌంటింగ్ ఆఫీసర్. బూమ్ కోసం ఒప్పందం తెరిస్తే చూడవలసింది ఆ ఇద్దరి కాగితాలే.