నులిపురుగులు అలర్జీని అణచిపెడతాయన్నది నిజమేనా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి ఒక తండ్రి):
నమస్కారం. మా ఎనిమిదేళ్ల అబ్బాయికి దుమ్ము పడదు. చలికాలం వచ్చిందంటే తుమ్ములు, రాత్రిపూట పిల్లికూతలు మొదలవుతాయి. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేస్తామని బడి నుంచి చీటీ వచ్చింది. కడుపులో పురుగులున్నవాళ్లకు అలర్జీలు తక్కువని, వాటిని చంపితే ఉబ్బసం ముదురుతుందని మా బావమరిది వాదిస్తున్నాడు. మా అమ్మ మాత్రం మాత్ర వేయించాల్సిందేనని పట్టుబట్టింది. ఇందులో నిజమెంత?

జవాబు 1 (నల్లకుంట, మైక్రోబయాలజీ అధ్యాపకుడు):
మీ బావమరిది గారు చదివింది కట్టుకథ కాదండి, కానీ సగమే చదివినట్టున్నారు. బ్యాక్టీరియానైతే తెల్లరక్తకణం మింగేస్తుంది. జానెడు పొడవుండే ఏలికపామును మింగగల కణం మన ఒంట్లో లేదు. అందుకే దానికి వేరే ఏర్పాటు ఉంది. ఒక రకం సహాయక టి కణాలు (ఇవీ తెల్లరక్తకణాలే) ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే సంకేతాలను విడుదల చేయగా, ఐజీఈ అనే రకం ప్రతిదేహాలు, ఇసినోఫిల్ అనే రకం తెల్లరక్తకణాలు పెరుగుతాయి, పేగులో జిగురు ఎక్కువగా ఊరుతుంది, పేగు కదలికలు చురుకై పురుగును బయటికి నెట్టజూస్తాయి. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష రిపోర్టులో ఇసినోఫిల్స్ ఎక్కువ కనబడితే డాక్టర్లు పురుగుల గురించి అడిగేది ఇందుకే. చిత్రమేమిటంటే, అలర్జీలో పనిచేసే సరంజామా కూడా ఇదే.

అయితే ఏళ్ల తరబడి లోపలే కాపురముండాల్సిన పురుగు ఈ దాడిని చూస్తూ ఊరుకోదు. రోగనిరోధక దాడిని అదుపుచేసే నియంత్రక టి కణాలను పెంచి, ఇంటర్‌ల్యూకిన్ 10 వంటి శాంతింపజేసే సంకేతాల మోతాదు ఎక్కువయ్యేలా చేస్తుంది. ఎలుకల పేగుల్లో బతికే ఒక పురుగైతే, మన ఒంట్లో ఇలాగే శాంతింపజేసే టీజీఎఫ్ బీటా అనే సంకేతం చేసే పనినే చేసే ప్రొటీన్‌ను సొంతంగా తయారుచేసుకుని వదులుతుంది. ఈ చల్లార్పు ప్రభావం పక్కనున్న అలర్జీ మీదా పడవచ్చు. ఆఫ్రికా దేశమైన గాబన్‌లో బడిపిల్లల్లో షిస్టోసోమా అనే రక్తనాళాల్లో ఉండే పురుగు సోకినవారి చర్మం ఇంటిదుమ్ములోని సూక్ష్మకీటకాల పరీక్షకు తక్కువగా స్పందించినట్టు 2000లో ప్రచురితమైంది.

జవాబు 2 (సికింద్రాబాద్):
పురుగులన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. 2006లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కొంకిపురుగు ఉన్నవారిలో ఉబ్బసం తక్కువగానూ, ఏలికపాము ఉన్నవారిలో కొంత ఎక్కువగానూ కనిపించింది. ఏలికపాము పిల్లదశలో ఊపిరితిత్తుల గుండానే ప్రయాణిస్తుందన్నది గుర్తుంచుకోండి. ఇక డెన్మార్క్‌లో అలర్జీ తుమ్ములున్నవారికి పందుల్లో ఉండే కొరడాపురుగు గుడ్లను తాగించి చూశారు; 2010లో వెలువడిన ఫలితం ప్రకారం ఏ ప్రయోజనమూ లేదు. కొంకిపురుగు చేసే మేలు నిజమే అనుకున్నా, అది పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. ఎదిగే పిల్లవాడికి ఆ బేరం గిట్టుబాటు కాదు.

జవాబు 3 (మలక్‌పేట, స్టాఫ్ నర్సు):
మరొక్క మాట. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు ఏ లక్షణమూ లేకుండా ఏళ్లపాటు దాగి ఉండగలదు. ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సివస్తే, రోగనిరోధక శక్తి తగ్గి అది ఒళ్లంతా పాకి ప్రాణాపాయం తేవచ్చు. దీనికి బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ ఒక్క మోతాదు సరిపోదు. అనుమానముంటే డాక్టరు వేరే మందు రాస్తారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మాత్ర వేయిస్తాను. ఆ రోజు పిల్లికూతలు ఎక్కువగా ఉంటే?

జవాబు 3:
ఒంట్లో బాగాలేని పిల్లలకు ఆ రోజు వేయరండి, టీచరుకు ముందే చెప్పండి. మిగిలిపోయినవారికి కొద్ది రోజుల తరువాత మళ్లీ వేస్తారు. మాత్రను బాగా నమిలి మింగమనండి.