ఫుడ్ బ్యాంక్‌కి ఎలా అడగాలి? ఇద్దరు పిల్లలకీ ప్రత్యేక అవసరాలు, యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్నాం

నెల్లూరు_లెస్టర్:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటున్నాం, ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. బాబుకి 9, పాపకి 5. బాబుకి ఆటిజం. డీఎల్ఏ (వైకల్యం ఉన్న పిల్లల పేర ప్రభుత్వం ఇచ్చే డబ్బు)లో మిడిల్ రేట్ కేర్ (చూసుకోవడానికి), లోయర్ రేట్ మొబిలిటీ (బయట తిరగడానికి) వస్తోంది. పాప ఆటిజం అసెస్‌మెంట్ వెయిటింగ్ లిస్ట్‌లో ఉంది కాబట్టి డీఎల్ఏ ఇంకా పెట్టలేదు. మావారికి పని గంటలు తగ్గాయి, యూనివర్సల్ క్రెడిట్ (యూసీ, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకి నెలనెలా వచ్చే ప్రభుత్వ సాయం)లో పాత అడ్వాన్స్ (ముందుగా తీసుకున్న అప్పు) కోత కూడా పడుతోంది. నెల చివరి వారం సరుకులు చాలడం లేదు.

ఫుడ్ బ్యాంక్‌కి నేరుగా వెళ్లిపోవచ్చా, ఎవరైనా రాసివ్వాలా? మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. బాబు ఒకే ఆకారం పాస్తా, ఒకే కంపెనీ ఓట్ మిల్క్ తప్ప ఏదీ ముట్టడు. ఇంకో భయం ఏమిటంటే, వెళ్తే సోషల్ సర్వీసెస్‌కి చెప్తారా? రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం వస్తుందా?

స్లౌ_గోదావరి:
ముందు భయాల సంగతి చెప్తానండి. ఫుడ్ బ్యాంక్ ఛారిటీ, ప్రభుత్వ బెనిఫిట్ కాదు. అక్కడ సరుకులు తీసుకోవడం ఇమిగ్రేషన్ లెక్కల్లోకి రాదు. తిండికి సాయం అడిగారని పిల్లల్ని ఎవరూ తీసుకెళ్లరు. పైగా 1989 చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 17 ప్రకారం వైకల్యం ఉన్న బిడ్డ దానంతటదే ‘చైల్డ్ ఇన్ నీడ్’. అంటే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) డిసేబుల్డ్ చిల్డ్రన్ టీమ్‌ని అవసరాల అసెస్‌మెంట్ చేయమని అడిగే హక్కు మీకుంది. షార్ట్ బ్రేక్‌లు (బిడ్డని కాసేపు వేరేవాళ్లు చూసుకోవడం), డైరెక్ట్ పేమెంట్లు (ఆ సాయం మీరే ఏర్పాటు చేసుకోవడానికి ఇచ్చే డబ్బు) వచ్చే దారి కూడా అదే. సోషల్ వర్కర్ అన్న మాటకి మనవాళ్లు ఉలిక్కిపడతారు గానీ, ఇక్కడ ఆ మనిషి మీకు పనికొచ్చే మనిషి.

ఇక ఫుడ్ బ్యాంక్. ట్రస్సెల్ (ఫుడ్ బ్యాంకులు నడిపే ఛారిటీ) కింద నడిచేవాటికి ఎక్కువగా రిఫరల్ (ఎవరైనా రాసివ్వడం) కావాలి. జీపీ (మన డాక్టర్), హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల నర్స్), బడిలో సెన్‌కో (ప్రత్యేక అవసరాలు చూసే టీచర్) లేదా ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, సిటిజన్స్ అడ్వైస్ (ఉచితంగా సలహా ఇచ్చే ఛారిటీ), వీళ్లలో ఎవరైనా ఇవ్వొచ్చు. పిల్లల సంగతి బడికి ముందే తెలుసు కాబట్టి మీకు బడి దారే సులువు. ఎవరూ దొరక్కపోతే 0808 208 2138కి ఫోన్ చేయండి. అది ‘హెల్ప్ త్రూ హార్డ్‌షిప్’ అనే ఉచిత లైన్, సోమవారం నుంచి శుక్రవారం వరకు పనిచేస్తుంది. సిటిజన్స్ అడ్వైస్ సలహాదారు మాట్లాడి, అవసరమైతే వోచర్ కోడ్ ఇస్తారు, మీకు ఇంకా ఏ డబ్బు రావాలో కూడా చూస్తారు. కాబట్టి పది నిమిషాల్లో తేల్చుకుని పెట్టేయకండి, యూసీ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మాట్లాడండి. గుడి, చర్చి, మసీదు, కమ్యూనిటీ సెంటర్లలో నడిచే స్వతంత్ర ఫుడ్ బ్యాంకుల్లో కొన్నిటికి రిఫరల్ అక్కర్లేదు. గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) శాకాహారమే, ఎవరైనా కూర్చుని తినొచ్చు, కాగితాలు అడగరు.

పార్సిల్ అంటే ఇంట్లో ఉన్నవాళ్లకి కనీసం మూడు రోజులకి సరిపడే సరుకులు. ఎక్కువగా డబ్బాలు, ప్యాకెట్లు ఉంటాయి: పాస్తా, బియ్యం, సీరియల్, టమాటా డబ్బాలు, బీన్స్, పప్పుల డబ్బాలు, చాలారోజులు నిలవుండే పాలు. వోచర్ మీద పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, వయసులు ఏమిటి అని రాస్తారు, దాన్నిబట్టే సంచులు సర్దుతారు. అక్కడ తప్పు పడితే సంచి కూడా తక్కువ పడుతుంది, రాసేటప్పుడే ఒకసారి చదివి వినిపించమనండి. సెంటర్లు చాలావరకు వారంలో కొన్ని రోజులే, రోజుకి రెండుమూడు గంటలే తెరుస్తారు. బాబుని తీసుకుని క్యూలో నిలబడలేకపోతే ఆ మాట ముందే చెప్పండి. మీ బదులు ఇంకొకరు తీసుకోవచ్చా, ఇంటికి పంపుతారా అని అడగండి, చాలాచోట్ల ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. బలమైన సంచులు నాలుగు పట్టుకెళ్లండి, డబ్బాలు బరువు.

ఆహారం దగ్గరే మనవాళ్లకి ఎక్కువ ఇబ్బంది. ఇక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు తింటారనే అర్థం. అందుకని ‘మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, పాలు పెరుగు పర్లేదు’ అని విడివిడిగా రాయించండి. జెల్లీ, మార్ష్‌మాలో, కొన్ని మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. సూప్ డబ్బాల్లో చికెన్ స్టాక్ ఉండొచ్చు. అక్కడే తీసి వెనక్కిస్తే ఇంకొకటి ఇస్తారు, తప్పుగా అనుకోరు.

కడప_లూటన్:
బాబు తిండి విషయం విడిగా చెప్పాలి. ‘పిల్లాడు కాస్త ఎంచుకుని తింటాడు’ అంటే అందరి పిల్లల్లాగే అనుకుని పక్కన పెట్టేస్తారు. ‘ఆటిజం వల్ల ఈ నాలుగు పదార్థాలే తింటాడు, లేకపోతే ఆ రోజంతా తినడు’ అని పదార్థాల పేర్లతో చెప్పండి. పాస్తా ఆకారం, కంపెనీ, ప్యాకెట్ రంగు ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. వాళ్ల షెల్ఫ్‌లో ఉన్నదే ఇవ్వగలరు గనుక కొన్నిసార్లు దొరకదు. అప్పుడు కౌన్సిల్‌ని సూపర్‌మార్కెట్ వోచర్ లేదా డబ్బు రూపంలో సాయం అడగడమే సరైన దారి. ఇంగ్లండ్‌లో 2026 మార్చి 31 వరకు అది హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్, ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో క్రైసిస్ అండ్ రెజిలియన్స్ ఫండ్. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరుతో వెతకండి, ఒక్కో కౌన్సిల్ పద్ధతి ఒక్కోలా ఉంటుంది. స్కాట్లండ్‌లో అయితే స్కాటిష్ వెల్ఫేర్ ఫండ్, వేల్స్‌లో డిస్క్రెషనరీ అసిస్టెన్స్ ఫండ్.

దొరికిన పాస్తా పెట్టె కొత్తదైతే ఖాళీ అయిన పాత ప్యాకెట్లో పోసి ఇవ్వడం కొంతమంది పిల్లల దగ్గర పనిచేస్తుంది. కానీ రుచి తేడా పట్టేసే పిల్లలకి ఇది బెడిసికొడుతుంది, ఆ ప్యాకెట్ మీదే నమ్మకం పోయి పాతదీ మానేస్తారు. మీ బాబు ఏ రకమో మీకే తెలుసు. తిండి రకాలు తగ్గిపోతున్నా, బరువు తగ్గుతున్నా జీపీని డైటీషియన్‌కి రిఫర్ చేయమనండి. డైటీషియన్ ఉత్తరం తర్వాత డీఎల్ఏకీ, బడికీ పనికొస్తుంది.

పెద్దవాళ్లకి వచ్చే డబ్బాల సంగతి. బేక్డ్ బీన్స్ జల్లెడలో పోసి చల్లటి నీళ్లతో కడిగేస్తే తియ్యటి సాస్ అంతా పోతుంది. మిగిలిన గింజలు మెత్తగా ఉంటాయి గనుక ముందు ఉల్లిపాయ, జీలకర్ర, కారం బాగా వేగనిచ్చి చివర్లో రెండు నిమిషాలు వేసి దించండి, ఎక్కువ తిప్పితే ముద్దయిపోతాయి. రాజ్మా, శనగల డబ్బాలు ఉడికినవే, కడిగి నేరుగా కూరలో వేయొచ్చు. 400 గ్రాముల టమాటా డబ్బాలో సగంతో చారు, సగంతో కూర. నూనె, ఉప్పు, పసుపు పార్సిల్‌లో ఉంటాయన్న హామీ లేదు, నోరు తెరిచి అడగాలి. కరెంటు, గ్యాస్ మీటర్‌లో డబ్బు లేక వండుకోలేని పరిస్థితి అయితే అదీ చెప్పండి. వేడినీళ్లతో అయ్యే సరుకులు ఇస్తారు, కొన్నిచోట్ల ముందే డబ్బు వేసే ప్రీపేమెంట్ మీటర్‌కి ఫ్యూయల్ వోచర్ కూడా ఇస్తారు.

పాప డైపర్లు ఇంకా వాడుతుంటే వాటికి తిండి డబ్బు పెట్టొద్దు. 5 ఏళ్లు వచ్చాక హెల్త్ విజిటర్ లేదా స్కూల్ నర్స్ ద్వారా ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ)లో కాంటినెన్స్ సర్వీస్‌కి (మలమూత్రాలు ఆపుకోలేనివాళ్లకి సాయం చేసే విభాగం) రిఫరల్ అడగండి. అసెస్‌మెంట్ చేసి ప్యాడ్లు ఉచితంగా ఇస్తారు.

లెక్కలు_చూసే_అన్న:
అమ్మా, పార్సిల్ తప్పకుండా తీసుకోండి. కానీ మీ పోస్ట్‌లో అసలు చిల్లు వేరేచోట ఉంది. పాపకి డీఎల్ఏ పెట్టలేదు అన్నారు కదా, ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. డీఎల్ఏకి డయాగ్నసిస్ అక్కర్లేదు. అవసరం 3 నెలలుగా ఉండాలి, ఇంకో 6 నెలలు ఉంటుందని అనిపించాలి, అంతే. వెయిటింగ్ లిస్ట్ తేలేదాకా ఆగితే ఆ నెలల డబ్బు తిరిగి రాదు.

ఫారం నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకోకుండా ఫోన్ చేసి తెప్పించుకోండి. ఫారం మీద వేసిన తేదీ నుంచి 6 వారాల్లో తిరిగి పంపితే మీరు ఫోన్ చేసిన రోజు నుంచే లెక్క కడతారు. డౌన్‌లోడ్ చేస్తే వాళ్లకి చేరిన రోజు నుంచే.

2025-26 రేట్లు చెప్తాను, ప్రతి ఏప్రిల్‌లో మారతాయి. కేర్ వారానికి 29.20, 73.90, 110.40 పౌండ్లు. మొబిలిటీ 29.20, 77.05. ఆ రేట్ల లెక్కన బాబుకి వచ్చేది 73.90 ప్లస్ 29.20, అంటే వారానికి 103.10. దీన్ని యూసీ ఆదాయంగా లెక్కపెట్టదు, ఒక్క పెన్నీ కోయదు. పైగా ఇంట్లో ఒక బిడ్డకి డీఎల్ఏ ఉంటే బెనిఫిట్ క్యాప్ (మొత్తం సాయానికి పెట్టే గరిష్ఠ పరిమితి) వర్తించదు.

ఇప్పుడు యూసీ స్టేట్‌మెంట్ తెరిచి రెండు వరుసలు వెతకండి. ఒకటి డిసేబుల్డ్ చైల్డ్ అడిషన్ (వైకల్యం ఉన్న బిడ్డ పేర యూసీలో అదనంగా కలిపే డబ్బు). 2025-26 లెక్కన డీఎల్ఏ ఏ రేట్ ఉన్నా నెలకి 158.76, హయ్యెస్ట్ కేర్ ఉంటే 495.87. రెండోది కేరర్ ఎలిమెంట్, 2025-26లో 201.68. మిడిల్ లేదా హయ్యెస్ట్ కేర్ ఉన్న బిడ్డని వారానికి 35 గంటలు చూసుకునే తల్లికో తండ్రికో ఇస్తారు. కేరర్స్ అలవెన్స్ (చూసుకునేవాళ్లకి విడిగా ఇచ్చే బెనిఫిట్) తీసుకోకపోయినా ఇది వస్తుంది. డీఎల్ఏ వచ్చింది కాబట్టి యూసీ వాళ్లే కలుపుతారనుకుని ఊరుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. రెండు ఆఫీసులూ ఒకే డిపార్ట్‌మెంట్‌వి అయినా మీరు ‘రిపోర్ట్ ఎ చేంజ్’లో పిల్లల భాగంలోకి వెళ్లి చెప్తే తప్ప చాలాసార్లు కలవదు. వరుస లేకపోతే జర్నల్‌లో (యూసీ ఆన్‌లైన్ ఖాతాలో వాళ్లకి సందేశం రాసే చోటు) ఇలా రాయండి: ‘నా బిడ్డకి ఫలానా తేదీ నుంచి డీఎల్ఏ వస్తోంది. ఆ తేదీ నుంచి డిసేబుల్డ్ చైల్డ్ అడిషన్ లెక్కకట్టండి.’ డీఎల్ఏ మొదలైన రోజు నుంచి బకాయి అడగొచ్చు. అవార్డ్ లెటర్ ఫొటో అప్‌లోడ్ చేయండి.

పాపకి కూడా మిడిల్ కేర్ వస్తే, బాబుని మీరు, పాపని మీవారు 35 గంటలు చూసుకుంటుంటే ఇద్దరూ చెరో కేరర్ ఎలిమెంట్ అడగొచ్చు. ఒకే మనిషికి ఇద్దరు పిల్లల పేర రెండు ఇవ్వరు.

మిడిల్‌కీ హయ్యెస్ట్‌కీ మధ్య తేడా 2025-26 లెక్కన డీఎల్ఏలో వారానికి 36.50, యూసీలో నెలకి 337.11. ఆ గీత రాత్రుల దగ్గర ఉంటుంది. పగలూ రాత్రీ రెండు పూటలా అవసరం ఉంటేనే హయ్యెస్ట్. రాత్రి రెండుసార్లు లేచినా, ఒకసారి లేచి 20 నిమిషాలు పైన పట్టినా లెక్కలోకి వస్తుంది. బాబు రాత్రులు నిద్రపోకపోతే ఏడు రోజులు కాగితం మీద రాయండి. ‘సరిగ్గా నిద్రపోడు’ అని రాస్తే ఏమీ రాదు. ‘1:40కి లేచాడు, తలుపు లాగుతున్నాడు, పక్కన కూర్చుని 2:25కి పడుకోబెట్టాం. 4:10కి మళ్లీ, 15 నిమిషాలు’ అని ఉండాలి. ఫారంలో ప్రతి ప్రశ్నకీ అదే వయసు మామూలు పిల్లలతో పోల్చి ఎంత ఎక్కువ సాయం కావాలో రాయండి. మనం అలవాటుపడిపోయి ‘తినిపిస్తాం’ అని ఒక ముక్కలో తేల్చేస్తాం. 9 ఏళ్ల పిల్లాడికి తినిపించాల్సి రావడమే అక్కడ అసలు విషయం. అయితే వస్తున్న అవార్డ్‌ని మళ్లీ చూడమంటే మొత్తం చూస్తారు, తగ్గే అవకాశమూ ఉంటుంది. అందుకని బాబు విషయంలో ఫారం పంపేముందు సిటిజన్స్ అడ్వైస్‌కి గానీ, వికలాంగ పిల్లల కుటుంబాలకి సలహా ఇచ్చే ‘కాంటాక్ట్’ ఛారిటీకి గానీ చూపించండి. వాళ్ల ఉచిత లైన్ 0808 808 3555. పాపకి నిరాకరిస్తే ఒక నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం), ఆ తర్వాత ట్రిబ్యునల్.

అడ్వాన్స్ కోత: 2025 ఏప్రిల్ 30 నుంచి మొత్తం కోతలు సాధారణంగా స్టాండర్డ్ అలవెన్స్‌లో (యూసీలో మూల మొత్తం) 15 శాతం దాటకూడదు. దాటితే జర్నల్‌లో అడగండి. దాటకపోయినా ఇల్లు గడవడం లేదని చెప్పి తగ్గించమని, వాయిదా వేయమని అడగొచ్చు.

ఇండియా ప్రయాణం మాట కూడా. ఒక నెల దాటితే యూసీ మామూలుగా ఆగిపోతుంది, దగ్గరి బంధువు చనిపోయిన సందర్భంలో రెండు నెలల వరకు పొడిగిస్తారు. డీఎల్ఏకి 13 వారాలు. వెళ్లేముందే రెండుచోట్లా చెప్పాలి.

నెల్లూరు_లెస్టర్:
స్టేట్‌మెంట్ చూశాను అన్నా. అడిషన్ ఉంది, కేరర్ ఎలిమెంట్ లేదు. ఇంకోటి, బాబు బడిలో భోజనం ముట్టడు. ఇంటి నుంచే పంపిస్తున్నాం, ఖర్చు మాదే.

లెక్కలు_చూసే_అన్న:
కేరర్ ఎలిమెంట్ ఈరోజే జర్నల్‌లో పెట్టండి, ‘35 గంటలు చూసుకుంటున్నాను’ అనే మాట, బాబు డీఎల్ఏ రేట్, మీరు చూసుకోవడం మొదలుపెట్టిన తేదీ మూడూ ఉండాలి. అది వస్తే పని వెతకాలన్న షరతు కూడా మీకు పోతుంది.

కడప_లూటన్:
భోజనం గురించి. బాబుకి ఉచిత భోజనం హక్కు ఉందో లేదో ముందు చూడండి. ఇంగ్లండ్‌లో 2026 ఆగస్టు వరకు యూసీ ఇళ్లకి జీతం చేతికొచ్చేది ఏడాదికి 7,400 పౌండ్లు మించకూడదన్నది లెక్క. 2026 సెప్టెంబర్ నుంచి యూసీ ఉన్న ఇళ్లన్నిటికీ వస్తుంది. పాప రిసెప్షన్ లేదా ఇయర్ 1 (బడిలో మొదటి రెండు తరగతులు) కాబట్టి తనకి ఆదాయంతో పని లేదు. హక్కు ఉండి, వైకల్యం వల్ల బడి వంట తినలేకపోతే ఈక్వాలిటీ యాక్ట్ 2010 కింద ‘రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్’ (వైకల్యాన్నిబట్టి చేయాల్సిన సర్దుబాటు)గా సూపర్‌మార్కెట్ వోచర్ ఇవ్వమని హెడ్‌టీచర్‌కి ఈమెయిల్ పెట్టండి. నోటిమాటగా అడిగితే ‘ఇక్కడ అలా ఇవ్వం’ అనేస్తారు. బాబు తినే పదార్థాల జాబితా, డైటీషియన్ ఉత్తరం ఉంటే అదీ జతచేయండి. కాంటాక్ట్ వెబ్‌సైట్‌లో దీనికి నమూనా ఉత్తరం ఉంటుంది.

స్లౌ_గోదావరి:
ఈ థ్రెడ్ చదివే స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసా వాళ్లకి ఒక హెచ్చరిక. పైన చెప్పిన యూసీ, డీఎల్ఏ, కేరర్స్ అలవెన్స్ పబ్లిక్ ఫండ్స్ (ఇమిగ్రేషన్ లెక్కలో ప్రభుత్వ సాయం). మీ వీసాలో ‘నో రికోర్స్’ షరతు (పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని) ఉంటే పెట్టకండి, వీసాకి ముప్పు. కానీ ఫుడ్ బ్యాంక్, లంగర్, బడిలో ప్రత్యేక సాయం, ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, ఆరోగ్యం, సంరక్షణ ప్రణాళిక), సెక్షన్ 17 సాయం పబ్లిక్ ఫండ్స్ కావు. కొన్ని షరతులతో బడి భోజనం కూడా వస్తుంది. బిడ్డ బ్రిటిష్ సిటిజన్ అయితే డీఎల్ఏ లెక్క వేరుగా ఉంటుంది. ఫారం ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారుని గానీ, సొలిసిటర్‌ని గానీ అడగండి. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో చెప్పారని పెట్టొద్దు.