ఫారిన్ సైక్లిస్టులకి మా ఇంట్లో ఫ్రీగా చోటివ్వాలంటే ఏం చెయ్యాలి?

అందరికీ నమస్తే అండి. మాది ఒంగోలు దగ్గర, ఇల్లు 16వ నంబర్ హైవేకి ఆనుకునే ఉంటది. మొన్న టీ కొట్టు దగ్గర ఒక ఫ్రెంచ్ జంట పంచర్ వేసుకుంటుంటే మాట కలిపా, ట్యూబ్ బకెట్లో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూనే చెప్పారు, టర్కీ, జార్జియాల్లో ముక్కూ మొహం తెలీని వాళ్ళు ఇంటికి పిలిచి అన్నం పెట్టి పడుకోమన్నారంట. ఆ మాట విన్నాక మనసు ఊరుకోవట్లేదు, మేడ మీద గది ఖాళీగానే ఉంది, అందుకే వార్మ్‌షవర్స్ అనే వెబ్‌సైట్‌లో హోస్ట్‌గా చేరదామనుకుంటున్నా. అది సైకిల్ మీద తిరిగేవాళ్ళ కోసమే, వచ్చినవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకునేది ఉండదు.

నా డౌట్ ఏంటంటే, ఫారినర్ ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాలు తెలియజేసే ఫారం III (ఇంతకుముందు ఫారం సి అనేవాళ్ళు) పెట్టాలి కదా, హోటల్ కాకుండా మామూలు ఇంటివాళ్ళు ఆ లాగిన్ ఎలా తీసుకోవాలి? ఇంటి పన్ను రసీదు, ఆధార్ సరిపోతాయా, లేక ముందే స్టేషన్‌కి వెళ్ళి చెప్పాలా? అమ్మ ఎప్పుడో ఒప్పుకుంది, నాన్నకే పోలీసుల గొడవ వస్తదేమోనని భయం, ఆయన్ని ఒప్పించకుండా నేను ముందుకెళ్ళను. ఇంకోటి, అలా రోజంతా తొక్కి వచ్చినవాళ్ళకి ముందు ఏం కావాలి, స్నానమా, భోజనమా? కారం తగ్గించి పప్పూ అన్నం పెడితే తింటారా? ఇంతకుముందు ఇలా ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, చలికాలంలోనే వాళ్ళు ఎక్కువగా వస్తుంటారు, ఆ లోపే అన్నీ రెడీ చేసుకోవాలి.