మొదటి పక్కటెముక తీశాక మళ్లీ మంట, తిమ్మిర్లు: ఇది మామూలేనా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను తార్నాకలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. బోర్డు పైభాగంలో రాస్తుంటే కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కి చాక్‌పీస్ జారిపోయేది. మెడ డిస్క్ అనుకుని చాన్నాళ్లు మందులు వాడాను. చివరికి థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ (మెడ నుంచి చేతిలోకి దిగే నరాలు ఇరుకు సందులో నలగడం) అని తేలింది. కాలర్ బోన్ పైన కోసి మొదటి పక్కటెముక, దానికి అంటుకుని ఉండే మెడ కండరాలు తీశారు. నెల కావస్తోంది. మొదట్లో వేళ్ల తిమ్మిరి పోయిందని ఎంతో సంతోషపడ్డాను. ఇప్పుడు మళ్లీ భుజం నుంచి మోచేతి దాకా మంట, సూదులు గుచ్చుతున్నట్టు ఉంటోంది. కాలర్ బోన్ కింద చర్మం మొద్దుబారింది. ఆపరేషన్ ఫెయిలయిందేమోనని మా అత్తయ్య గారు బెంగపెట్టుకున్నారు. నాకూ టెన్షన్‌గా ఉంది, రాత్రిళ్లు నిద్ర లేదు. బాబు చిన్నవాడు, ఎత్తుకోమని ఏడుస్తాడు. ఎవరికైనా ఇలా అయిందా? బస్సెక్కి స్కూలుకి ఎప్పుడు వెళ్లొచ్చు?

జవాబు (మియాపూర్ నుంచి)

టీచర్ గారూ, ధైర్యంగా ఉండండి. మధ్యలో నొప్పి తిరగబెట్టినంత మాత్రాన ఆపరేషన్ ఫెయిలయినట్టు కాదు. నాకు ఎడమ వైపు ఇదే ఆపరేషన్ అయింది. మొదట బాగానే ఉండి, ఇంట్లో కాస్త తిరగడం మొదలుపెట్టాక ఇలాగే మంట వచ్చింది. నరాలు మెడ నుంచి చేతిలోకి దిగే ఇరుకు సందులో ఎముక తీసి చోటు చేశారు, అంతవరకు సర్జన్ పని అయిపోయింది. ఏళ్ల తరబడి నలిగిన నరం మాత్రం ఆ రోజే బాగుపడదు. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. ఆ లెక్కన మెడ నుంచి వేళ్ల దాకా నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది. పైగా కోత మానేటప్పుడు లోపలి వాపు కూడా నరాన్ని చికాకు పెడుతుంది.

చర్మం మొద్దుబారడం కూడా మామూలే. కోత దగ్గర చర్మానికి వెళ్లే సన్న నరాలు తెగుతాయి, లేదా సాగుతాయి. స్నానం చేస్తుంటే నాకు అక్కడ నీళ్ల వేడి తెలిసేది కాదు. అందుకే ఆ చోట వేడి కాపడం పెట్టకండి, కాలినా తెలీదు. నాకు అంచుల నుంచి తగ్గుతూ వచ్చి ఇప్పుడు రూపాయి బిళ్లంత మిగిలింది.

నిద్రకి దిండ్లే మందు. వీపు వెనక రెండు దిండ్లు ఏటవాలుగా వేసి వెల్లకిలా పడుకోండి, కుడి మోచేతి కింద ఇంకో దిండు. చేతి బరువంతా ఆ దిండే మోయాలి, మెడను కిందికి లాగకూడదు. చెయ్యి తల కింద పెట్టుకునే అలవాటుంటే మానేయండి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులు రాసి ఉంటే తగ్గింది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. వాటి వల్ల మగతగా ఉంటుంది కాబట్టి స్కూటీ ఇప్పుడే తీయకండి.

స్కూలుకి ఎప్పుడన్నది మీ డాక్టర్ చెప్పాలి. వెళ్లే రోజు వచ్చాక మాత్రం బస్సు కంటే మెట్రో నయం, ఉప్పల్ నుంచి తార్నాకకి నేరుగా ఉంది కదా. మహాలక్ష్మి పథకం వచ్చాక సిటీ బస్సుల్లో రద్దీ మీకు తెలిసిందే. బ్రేక్ పడినప్పుడల్లా పై కడ్డీ పట్టుకుని వేలాడటం మన జబ్బుకి బొత్తిగా పడదు. మెట్రోలో కూడా పై పట్టీ వద్దు, నిలువు కడ్డీని ఎడమ చేత్తో పట్టుకోండి. కారైతే ఎడమ వైపు సీటు. అక్కడ బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. డ్రైవర్ వెనక కూర్చుంటే సరిగ్గా మీ కోత మీదే ఒరుసుకుంటుంది.

జవాబు (మెహిదీపట్నం నుంచి)

చెల్లీ, నాకు చంకలో కోసి తీశారు. చెయ్యి లోపలి వైపు ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది, పనికి అడ్డం రాదు. ముందు బటన్లున్న నైటీలు, ముందు హుక్కుల జాకెట్లు వేసుకో. తొడుక్కునేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. బ్రా పట్టీ ఆ భుజాన్ని నొక్కకూడదు. జడ అత్తయ్య గారిని వేయమను, ఆవిడకీ నీ కోసం ఏదో చేస్తున్నాననే తృప్తి ఉంటుంది. పప్పులు, టీపొడి డబ్బాలన్నీ పై అరల నుంచి నడుము ఎత్తుకు దింపించెయ్. దండెం మీద బట్టలు ఆరేయొద్దు, నిండు కుక్కర్ దించొద్దు. బాబుని ఎత్తుకోవద్దు. నువ్వు మంచం మీద కూర్చుంటే వాడే ఎడమ వైపు నుంచి ఒళ్లోకి ఎక్కుతాడు. పిల్లలు తొందరగానే అలవాటు పడతారమ్మా.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

నేను ఫిజియోథెరపిస్టును. వీడియోలు చూసి నరాన్ని సాగదీసే వ్యాయామాలు చేయకండి మేడం. మీ ఫిజియో నేర్పిన నరాల కదలికలు కూడా తిమ్మిరి మొదలయ్యే లోపే ఆపాలి. మర్నాటికి నొప్పి పెరిగితే నిన్న ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గించండి. డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు ఇప్పుడే వద్దు. అలాగని చేతిని కదపకుండా స్లింగ్‌లో పెట్టేసినా భుజం బిగుసుకుపోతుంది.

ఈ దశలో నేను అందరి చేతా శ్రద్ధగా చేయించేది శ్వాస. ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ఊపిరి పీలిస్తే పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు. నొప్పితో ఉన్నవాళ్లు తెలియకుండానే మెడ కండరాలతో ఊపిరి లాగుతుంటారు, ఆ బిగింపు నరాల మీదే పడుతుంది.

చెకప్‌లో రెండు విషయాలు చూడమని అడగండి. అరచేతులు గోడకి ఆనించి నెట్టినప్పుడు కుడి భుజం వెనక ఎముక బయటికి పొడుచుకొస్తోందా? వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? ఈ ఆపరేషన్ చేసే చోటే ఆ భుజం ఎముకను పట్టి ఉంచే కండరానికీ, ఊపిరి పీల్చడానికి వాడే డయాఫ్రం అనే కండరానికీ వెళ్లే నరాలు ఉంటాయి. ఇక హఠాత్తుగా ఊపిరాడకపోవడం, ఛాతీలో పోటు, చెయ్యి ఉబ్బి నీలంగా మారడం, లేదా చల్లబడి తెల్లగా పాలిపోవడం, జ్వరం, కోత నుంచి చీము, చేతి పట్టు రోజురోజుకీ తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. అవేవీ లేవండి, చెయ్యి రంగు కూడా మామూలుగానే ఉంది. మోచేతి కింద దిండు పెట్టుకుంటే కాస్త కునుకు పట్టింది. సోమవారం చెకప్. బోర్డు మీద మళ్లీ రాయగలనా? నా ఉద్యోగమే అది.

జవాబు (మియాపూర్ నుంచి)

చాలామంది తిరిగి పనిలోకి వెళ్తున్నారు, నేనూ వెళ్తున్నాను. మొదట్లో బోర్డుకి బాగా దగ్గరగా నిలబడి, మోచెయ్యి భుజం ఎత్తు దాటకుండా కింది సగంలోనే రాయండి. పై సగం లెక్కలు పిల్లల్ని పిలిచి చేయించండి. సోమవారం డాక్టర్ గారి దగ్గర లెటర్ తీసుకోండి. ఎన్ని కేజీలు దాటి ఎత్తకూడదు, చెయ్యి ఎంత ఎత్తు వరకు లేపొచ్చు, ఎన్ని వారాలు, అన్నీ అంకెల్లో రాయించండి. హెడ్మాస్టర్ గారికి నోటితో చెబితే మర్చిపోతారు, కాగితం ఉంటే ఆన్సర్ షీట్ల కట్టలు మోసే పని మీకు వేయరు.