హిచ్‌కాక్ చివర్లో చెప్పే మాట కథలో భాగమేనా?

సంధ్య:
1958 ఏప్రిల్ 13న అమెరికాలో సీబీఎస్ చానల్లో వచ్చిన ‘లాంబ్ టు ది స్లాటర్’ మొన్న మళ్లీ చూశాను. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ప్రతి నాటకానికీ ముందూ చివరా తెర మీదికొచ్చి మాట్లాడే ‘ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ సిరీస్‌లో అరగంట నాటకం, రచయిత రోల్డ్ డాల్ కథ. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మేరీ కడుపుతో ఉంది. పోలీసు ఉద్యోగం చేసే మొగుడు ఇంటికొచ్చి, ఇంకొకామె ఉంది, నిన్ను వదిలేస్తున్నా అంటాడు. మేరీ ఫ్రీజర్‌లోంచి రాయిలా గడ్డకట్టిన గొర్రె తొడ తీసి వెనక నుంచి తల మీద ఒక్కటి వేస్తుంది. దాన్నే ఓవెన్‌లో పెట్టి, కొట్టుకెళ్లి వచ్చి, పోలీసులకు ఫోన్ చేస్తుంది. ఆయుధం కోసం ఇల్లంతా గాలించి అలసిపోయిన పోలీసులకు ఆ మాంసమే పెడుతుంది. ఆ ఆయుధం మన కళ్ల ముందే ఉండి ఉంటుందని వాళ్లు తింటూ అనుకుంటుంటే, పక్క గదిలో గోడ వారగా కుర్చీలో కూర్చున్న మేరీకి నవ్వొస్తుంది. మేరీగా వేసిన బార్బరా బెల్ గెడెస్ ఆ నవ్వుకి నాకు ఒళ్లు జలదరించింది.

అంతలో హిచ్‌కాక్ తెర మీదికొచ్చి, ఆమె రెండో మొగుణ్ణి కూడా ఇలాగే చంపబోయి దొరికిపోయిందని చెప్తాడు. అతగాడు ఫ్రీజర్ ప్లగ్ పెట్టడం మరిచిపోయాడట, మాంసం మెత్తబడిపోయిందట. నా మటుకు కథ నవ్వు దగ్గరే అయిపోయింది. ఈ మాట దాన్ని పాడుచేసింది. మీరేమంటారు?

రాఘవ:
సంధ్య గారూ, కాలాన్ని కూడా చూడాలి కదండీ. 1952 మార్చి నుంచి అక్కడి టీవీ ప్రసారాలకు ఒక నియమావళి ఉండేది. నేరాన్ని మెచ్చుకునేలా చూపించకూడదు, చట్టాన్ని నిలబెట్టాలి. పైగా స్పాన్సర్లు. నేరం చేసినవాళ్లు హాయిగా తప్పించుకున్నారని వదిలేయడం కష్టం. కథను ముట్టుకోకుండా శిక్షను బయటికి నెట్టారు వీళ్లు. హిచ్‌కాక్ మాటలు రాసిచ్చిన జేమ్స్ అలర్‌డైస్‌కు ఆ ఒడుపు బాగా తెలుసు. ఆ నాలుగు ముక్కలు లేకపోతే మీరు మెచ్చిన నవ్వు కూడా తెర మీదికి వచ్చేది కాదేమోనని నా అభిప్రాయం. అందుకే అది కూడా కథలో భాగమే అంటాను.

మధుర:
అయితే ఇదే సిరీస్‌లో 1956లో వచ్చిన ‘బ్యాక్ ఫర్ క్రిస్మస్’ చూడండి రాఘవ గారూ. మొగుడు పెళ్లాన్ని చంపి ఇంటి కింద నేలమాళిగలో పాతిపెట్టి అమెరికా వెళ్లిపోతాడు. అక్కడికి ఒక ఉత్తరం వస్తుంది. ఆవిడ బతికుండగానే, ఆయనకి క్రిస్మస్ కానుకగా ఆ నేలమాళిగ తవ్వి వైన్ దాచుకునే గది కట్టమని మేస్త్రీలకు పురమాయించిందట! ఆ కాగితం పట్టుకున్న జాన్ విలియమ్స్ (మొగుడి వేషం ఆయనదే) ముఖం చాలు. శిక్ష కథలోంచే వచ్చింది. రాసేవాళ్లు తలచుకుంటే కుదురుతుంది. మేరీ విషయంలో అతికించినట్టుందనేదే నా బాధ.

కృష్ణ:
నేను సంధ్య గారితో ఒప్పుకోను. నాటకమంతా మన జాలి మేరీ మీదే. చచ్చినవాడి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించనివ్వరు. రెండో మొగుడి మాట విన్నాకే నాకు నిజంగా భయమేసింది. ఈమెకి ఇది అలవాటైపోయింది కదా అని.

సంధ్య:
కృష్ణ గారూ, నా అభ్యంతరం అక్కడే. మనం చూసిన మేరీ ఏ పథకమూ వేసుకోలేదు. భోజనం వండుదామని తెచ్చిన మాంసంతో, కళ్లు చీకట్లు కమ్మిన ఒక్క క్షణంలో కొట్టింది. ఆ తర్వాతే బుర్ర పనిచేసింది. చివరి మాట ఆమెను మొగుళ్లను వరసగా చంపే మనిషిగా మార్చేసింది. ఒక వాక్యంతో పాత్రనే మార్చేశారు. రాఘవ గారు చెప్పిన నియమావళి కారణం నిజమే కావచ్చు. కానీ కారణం ఉన్నంత మాత్రాన అది కథలో కలిసిపోదు కదా.

మధుర:
ఆ నియమావళి నుంచి మేరీని కాపాడి ఉంటే బాగుండేదని నాకూ ఉంది.

సంధ్య:
నిన్న రాత్రి మా నాన్నకు చూపించాను. కావాలనే నవ్వు దగ్గర ఆపేశాను. ఆయన కాసేపు తెర వంకే చూసి, “మరి దొరికిందా లేదా?” అని అడిగారు. రాఘవ గారూ, ఈ ఒక్క ప్రశ్న మాత్రం మీవైపే.